దేవన్న వనంల కందీలు

నవీపేట దాటి గోదావరి దిక్కు పోయే బండ్లబాటల, వాగు వంపు తిరిగిన కాడ ఒక ఈతవనం ఉండె. నలబై, యాబై చెట్లు. పొద్దు ఎంత మీదికి ఎక్కినా ఆ చెట్ల నడుమ మాత్రం మాపటి యాళ్లనే. దాన్ని దేవన్న వనం అనేటోళ్లు. పొద్దుగూకినంక ఆ పేరు కూడ ఎత్తేటోళ్లు కాదు.

దేవన్న ఎవరంటే, ఆ దిక్కు ఊరి గౌండ్లాయన. కల్లు గీసుట్ల ఆయనంతటోడు లేడని పేరు. ఒక్క యాడాదిల రెండు మాట్లు చెట్టు మీదికెళ్లి జారిండు. మూడోమాటు జారి సచ్చిపోయిండన్నరు. పెండ్లాం గాజులు పలగొట్టుకున్నది. దినాలు చేసిండ్రు. అయితే… శవాన్ని చూసినోళ్లెవరు అని అడిగితే, ఒకరి మొఖం ఒకరు చూసుకునేటోళ్లు.

నెల గడిచింది. ఆ వనంల కల్లు పట్టే లొట్లు కనవడ్డయి — ఎవ్వరూ కట్టని లొట్లు. తెల్లారకముందు చెట్టుకు ఏలాడుతయి. పొద్దెక్కితే ఉండయి. చీకట్ల కత్తి చప్పుడు… సర్… సర్… అని. ఆ కల్లు తాగినోడు పోయినట్టు తిరిగి రాడని అన్నరు.

ఆ బాటల చీకటిపూట పోవాల్సి వస్తే ఒకటే ఉపాయం. మూడు సుక్కల కల్లు నేల మీద పొయ్యాలె. సాక అంటం దాన్ని, ఎల్లమ్మకు పోసినట్టే. "దేవన్నా, తాగు" అనాలె. ఎనుకకు తిరిగి చూడొద్దు.

నేను ముగ్గురు పిల్లలు పుట్టినంక డిచ్‌పల్లిల అక్షరాలు నేర్చుకున్నదాన్ని. రాసుడు కంటె చెప్పుడే నాకు సులువు. అందుకే నేను విన్నది విన్నట్టు, చెప్పినట్టే రాస్తున్న.

మాది బోధన్ పక్కపొంటి ఊరు. ఆంధ్రప్రదేశ్ అయిన ఐదారేండ్లకు జరిగింది ఇది. చక్కెర ఫ్యాక్టరీ కూత ఇని లేస్తుంటిమి, కూత ఇని పొయ్యి ముట్టిస్తుంటిమి. మా ఇంటాయన పేరు రాజలింగు. ఆయనా గౌండ్లాయననే. చిన్నప్పటి సంది చెట్టెక్కే మోకు పట్టి, చెట్టు పెచ్చులకు రాసుకపోయి, చేతులు ఎండిన తోలు తీరుగ అయినయి. పొయ్యి మీది గంజికుండను మసిగుడ్డ లేకుంట దించేటోడు. నిప్పుకణికను వేళ్లతోని పట్టి చుట్ట ముట్టిచ్చుకునేటోడు. పిల్లలు కండ్లు పెద్దగ చేసి చూస్తుండిరి.

"గౌండ్లోని చెయ్యి బిడ్డా, ఏమనుకున్నరు?" అని నవ్వేటోడు.

నేనూ నవ్వేదాన్ని. బాయి కాడ ఆడోళ్ల ముంగట గొప్పగ కూడ చెప్పుకున్న.

ఆ యేడు దసరా ముందు ఒకమాటు, దీపావళి దాటినంక ఒకమాటు, ఆయన చెట్టు మీదికెళ్లి జారిండు. మోకు ఎప్పుడు ఇడిసిండో తనకే తెల్వదన్నడు. "పట్టుకున్న అనే అనుకున్ననే…" అన్నడు. రెండోమాటు నడుము మీద పడి పది దినాలు మంచంల ఉన్నడు.

మా అత్త పెంటవ్వ ఆయన తలాపున కూసొని, నాతోని మెల్లగ అన్నది:

"దేవన్న సుత గిట్లనే జారిండట. రెండు మాట్లు గౌండ్లోడు తానే జారుతడట… మూడోమాటు దేవన్న పిలుస్తడట."

అప్పటి సంది నాకు కంటి మీద కునుకు లేదు. గుంజకు ఏలాడే మోకును చూస్తే పాము సుట్టుకున్నట్టే అనిపిచ్చేది. దేవుణ్ని ఒక్కటే అడిగిన. ఈ మోకు గుంజకే ఉండాలె. ఈ మనిషి ఇంక చెట్టెక్కద్దు.

నా మొర ఇన్నట్టే అయ్యింది. బోధన్ ఆత్మారాం సేట్ మా ఇంటికొచ్చిండు. కల్లు గుత్తేదారు ఆయన. యేటేటా హర్రాజు వేలంపాటల వనాలు పాడుకుంటడు. కొత్తగ ఒక పాత జీపు కొన్నడు. వాకిట్ల నిలబడి గోడకు చెయ్యి ఆనిచ్చిండు.

"అరే రాజలింగూ, పెద్ద వనాలు అందరికీ ఎరికే. అందరూ అండ్లనే పడి కొట్టుకుంటరు. ఎవ్వనికీ ఎరుక లేని వనాలు నాకు సూపియ్యి. మూడు దినాలు జీపుల తిరుగుదాం. నువ్వు రుచి సూసి చెప్పు. ఒక్కటంటే ఒక్క మంచి వనం దొరకాలె. దొరికితే ఇంక నువ్వు చెట్టెక్కుడు లేదు. నీ నాలుకే నీకు పని."

ఆయన నాలుక గట్టిది. ఒక్క సుక్క నాలుక కింద పెట్టుకొని కండ్లు మూసుకుంటే — చెట్టు ముసలిదా లేతదా, లొట్టి కడిగిండ్రా లేదా, మొన్న వాన పడ్డదా — అన్నీ చెప్పేటోడు. మింగేటోడు కాదు, ఉమ్మేసేటోడు. "మింగితే మూడో లొట్టికే నేను సేట్‌ను అవుత" అనేటోడు.

ఆ మాపు చింతగింజలు తెమ్మన్నడు. పీటేసుకొని కూసున్నడు. నేను, మా పెద్దబిడ్డ గంగు ముంగట కూసున్నం. ఒక్కో గింజ ఒక్కో వనం. నేల మీద పెట్టుకుంట పోయిండు.

"గిది వర్ని అవతల గుట్టకింది వనం. బండనేల. కల్లు పలుచగ, జర వగరు. అలిగిన పిల్ల తీరుగ."

గంగు నవ్వింది.

"గిది రెంజల్ దిక్కు చెరువు కింద. మొదటి గుక్కకు బురద వాసన. ఓపిక పట్టి రెండో గుక్క తీస్కుంటే తియ్యగైతది. గిది కందకుర్తి కాడ, నీళ్లు కలిసే చోట. ఇసుకనేల. నాలుక మీద పెడితే ఏమీ లేనట్టే ఉంటది… జరసేపయినంకనే తెలుస్తది."

"నీ తీరుగనే" అన్న నేను.

పలుచటి కల్లు ముందు, చిక్కటిది ఎనుక. అట్ల కాకుంటే నాలుక చెడిపోతదట. మూడు దినాలు ఉల్లిగడ్డ ముట్టద్దు, చుట్ట ముట్టద్దు. నడుమ నడుమ పేలాలు నమలాలె. పొద్దెక్కితే కల్లు పులుస్తది గనుక, తెల్లారకముందే వనంల ఉండాలె. ఎంత కుదురుగ చెప్పిండో! పెండ్లి ముహూర్తం పెట్టినట్టు.

చివరికి పిడికిట్ల ఒక గింజ మిగిలింది.

"అది యాడిది?" అన్న.

ఆయన గింజను వేళ్ల నడుమ తిప్పిండు.

"యాడిది?"

"…దేవన్న వనం."

పొయ్యిల కట్టె చిటపటమన్నది. నేను ఆయన చేతికెళ్లి గింజ గుంజుకోబోయిన. జారి కింద పడ్డది.

"పదేండ్ల సంది ఎవ్వడూ పాడుకోని వనమే అది" అన్నడు. "వాగు ఒండ్రు నేల. ఆ కల్లు ఎట్లుంటదో జర సోంచాయించు."

"పిల్లలను సోంచాయించు నువ్వు."

"పిల్లల కోసమే. మిగిలినయన్నీ మామూలువే. సేట్‌కు ఇంకొకడు సూపియ్యగలడు. గిదొక్కటి మంచిదైతే మోకు గుంజకే ఉంటది. నువ్వు రోజూ మొక్కేది అదే గద?"

నేను మొక్కుడు ఆయన ఎప్పుడు చూసిండో!

కింద పడ్డ గింజ కోసం అందరం ఎతికినం. పీట కింద, పొయ్యి పక్కన… లేదు. గంగు ఉన్నట్టుండి కిలకిల నవ్వింది.

"అవ్వా, నీ కాలి కిందనే ఉన్నది!"

నిజమే. నా మడమ కింద గింజ అచ్చు పడ్డది. నిలబడి తొక్కుతున్న గని, నాకు సోయి లేదు. దేవుడే దాన్ని దాచిపెట్టమన్నడేమో అనుకున్న. ఆయన తీసుకొని వరుసల చివరకు పెట్టిండు.

వాళ్లు పుష్యమాసంల బయలెల్లిండ్రు. జీపు నడిపేది సీమోను. మెథడిస్టు గుడికి పోయే పిల్లగాడు, నోటి నిండ నవ్వు. అందరినీ అన్నా, అక్కా అంటడు. పోతూ పోతూ నాతోని, "అక్కా, అన్నను పోయినట్టే తెచ్చి అప్పజెప్త" అన్నడు.

ఇక ముందరిది మా ఆయన నాకు చెప్పింది.

రెండు దినాలు బాగనే గడిచినయట. వర్ని వగరు, రెంజల్ బురద, కందకుర్తి ఇసుక. సేట్ అన్నిటికీ తల అడ్డం ఊపిండట. "బాగనే ఉన్నది గని… గిసుంటివి నా దగ్గర శాన ఉన్నయి."

మూడోనాడు, తెల్లారక ముందు, వాగు వంపు కాడ జీపు ఆగింది. చలికి నోట్లకెళ్లి పొగలు. సేట్ కంబళి ముసుగు తియ్యలే.

"నేనెందుకు? రుచి సూసేటోడివి నువ్వే గద. పోయి రా."

సీమోను స్టీరింగు మీద చేతులు పెట్టి అన్నడట:

"అన్నా, నేను యేసయ్య బిడ్డను, దయ్యాలకు భయపడ. గని జీపు భయపడతది. దాన్ని ఒక్కదాన్నే ఇడిసిపెట్టి రాలేను."

ముగ్గురూ నవ్విండ్రు. నవ్వు తొందరగనే ఆగింది.

జీపుల ఉన్న కందీలు దీపానికి తీగ పిడి ఊడిపోయి ఉండె. పై డబ్బా పట్టుకొని పోవాలె. అది కాలుతదని సీమోను పాత గుడ్డ సుట్టి ఇచ్చిండు. నడుముకు లొట్టి, మోదుగాకు దొప్ప. మా ఆయన వనంలకు నడిచిండు.

లోపల గాలి లేదు. ఆకు కదలదు. కందీలు వెలుగు మూడు చెట్ల దాక పోయి ఆగిపోతున్నది. పది అడుగులు… ఇరవై…

లొట్టి.

భుజం ఎత్తుల, పొట్టి చెట్టుకు కట్టి ఉన్నది. చెట్టు మీద కొత్త గీత. తడి ఆరలే.

మా ఆయన తన లొట్టిల నుంచి మూడు సుక్కలు పోసిండు. "దేవన్నా… తాగు" అన్నడు. చెట్టుకున్న లొట్టిల దొప్ప ముంచిండు. నాలుక మీద పెట్టుకొని కండ్లు మూసుకున్నడు.

"నా జన్మల అట్లాంటి కల్లు తాగలేదే" అన్నడు నాతోని. "మంచు తియ్యగుంటే ఎట్లుంటదో గట్ల. మొదటిసారి మింగిన."

అప్పుడు… ఎనుకకెళ్లి.

"ఎట్లున్నది?"

చిన్న గొంతు. శాన దినాలకు మాట్లాడినట్టు, మాట మాటకూ ఆగుతున్నది.

తిరిగి చూడొద్దు. ఆయన చూడలే.

"పదేండ్లాయె… నా కల్లు ఎవ్వరూ రుచి సూడక. ఎట్లున్నదో చెప్పి పో."

"తియ్య… తియ్యగున్నది."

ఎనుక ఒక ఊపిరి. నిమ్మళమైన ఊపిరి. తర్వాత ఏమీ లేదు. పోయిందేమో అనుకున్నడు. ఒక అడుగు ఏసిండు.

"ఆగు."

ఆగిండు.

"కాలిన వాసన వస్తున్నది."

"ఏం… ఏం కాలుతున్నది?"

"నీ చెయ్యి సూసుకో."

కందీలుకు సుట్టిన గుడ్డ లేదు. ఎప్పుడు జారిపోయిందో! ఐదు వేళ్లు ఉత్త డబ్బాను పట్టుకొని ఉన్నయి. వేళ్ల సందుల నుంచి సన్నగ పొగ లేస్తున్నది. మాంసం కాలిన వాసన.

ఆయన చూస్తున్నడు. ఎవరిదో చెయ్యి చూసినట్టు చూస్తున్నడు. నొప్పి లేదు. మంట లేదు. ఏమీ లేదు.

కందీలు కింద పెట్టిండు.

"నేను… సచ్చిపోయిన్నా?"

"లేదు తమ్మీ" అన్నది ఆ గొంతు. "నేనూ మొదట్ల గట్లనే అనుకున్న."

మా ఆయన తిరిగి చూసిండు.

పది అడుగుల దూరంల గొంగడి కప్పుకున్న మనిషి. వెలుగులకు రాకుంట, చెట్టు చాటుకు. ఒక చెయ్యి బయటికి పెట్టిండు. వేళ్లు లేవు. మణికట్టుకు గుడ్డతోని గీతకత్తి కట్టుకొని ఉన్నడు.

దేవన్న. దయ్యం కాదు, మనిషే.

"చెట్టు నన్ను పడెయ్యలే" అన్నడు. "నా చెయ్యే నన్ను ఇడిసిపెట్టింది. కాయలు కాసిన చెయ్యి, మోకు పట్టిన చెయ్యి అనుకున్న. నిప్పు పట్టుకొని నవ్విన. నువ్వు సుత నవ్వినవా?"

మా ఆయన తల ఊపిండు.

"పెద్దరోగం అది, కుష్టు. ఊరికి తెలిస్తే నా బిడ్డ పెండ్లి ఆగిపోతది. సచ్చిపోయిండని చెప్పుమని నేనే అన్న. రాత్రి గీస్త, పగలు దాక్కుంట. నా ఇంటిది ఒక్కతే, అమాసకు వచ్చి గట్టు మీద నూకలు పెట్టి పోతది. మొఖం సూసుకోం." చెయ్యి మళ్ల గొంగడి కిందికి తీసుకున్నడు. "డిచ్‌పల్లి దవాఖానల గోలీలు ఇస్తున్నరట. వేళ్లు ఉన్నప్పుడే పో. నలుగురికీ తెలుస్తదని ఆగకు. నేను ఆగిన."

"నువ్వు సుత రా అన్నా. జీపు ఉన్నది."

గొంగడి కింద నవ్వినట్టు అయ్యింది.

"సచ్చినోడు జీపెక్కితే నీ సేట్ బతుకుతడా?"

మా ఆయన తిరిగి వచ్చేసరికి తూర్పు తెల్లవడ్డది. చెయ్యి కంబళిల దాచుకున్నడు. సేట్ జీపుల నుంచి ముందుకు వంగిండు.

"కైసా హై? ఎట్లున్నది? దొరికిందా?"

ఆ తియ్యదనం ఇంకా నాలుక మీదనే ఉన్నది. "మంచిగున్నది" అనే ఒక్క మాట. అంటే ఆయన బతుకు గట్టెక్కినట్టే. కానీ సేట్ మనుషులు మోకులు పట్టుకొని ఆ వనంల పడితే…

"పులిసింది సేట్" అన్నడు. "పనికి రాదు."

సేట్ తల పట్టుకున్నడు. బోధన్‌ల సేట్‌ను దించినంక, సీమోను జీపు మలిపి, మా ఊరి బాట పట్టి, మెల్లగ అన్నడట:

"అన్నా, చెయ్యి బయటికి తియ్యి. నవీపేట కాడి నుంచి వాసన వస్తున్నది."

సీమోను అవ్వ యేసమ్మ డిచ్‌పల్లి దవాఖానల వంట చేసేది. ఆ చెయ్యి ఏం చెయ్యో వానికి చూస్తేనే తెలిసింది. "రేపు పొద్దుగాల వస్త, తయారుండు" అని చెప్పి పోయిండు.

ఆ పగలు నేను ఆయన చేతికి నెయ్యి రాసిన. తోలు నా వేళ్లకు అంటుకొని వచ్చింది. ఆయన నా మొఖమే చూస్తున్నడు.

"నొస్తున్నదా?" అన్న.

"నీకు నొస్తున్నట్టున్నది" అన్నడు.

అప్పుడు చెప్పిండు ఇదంతా. నాకు ఏడుపు రాలేదు. భయం కూడ కాలేదు. గంజి కుండ దించినందుకు నేను బాయి కాడ చెప్పుకున్న గొప్పలు యాదికొచ్చినయి. లోపల ఏదో ఉత్తగ, సప్పుడు లేకుంట ఉండె.

డిచ్‌పల్లిల డాక్టరమ్మ ఆయనను కండ్లు మూసుకోమన్నది. దూది పోగుతోని చేతి మీద, కాలి మీద తాకిచ్చుకుంట, "ఎక్కడ తాకింది, వేలు పెట్టి సూపియ్యి" అన్నది. కొన్నిచోట్ల చూపిచ్చిండు. కొన్నిచోట్ల ఎదురుచూస్తనే ఉన్నడు. నేను పక్కకు నిలబడి చూస్తున్న.

"ఇది శాపం కాదు, గాలి కాదు. రోగం" అన్నది ఆమె. "తొందరగనే వచ్చిండ్రు. ఎవరు చెప్పిండ్రు మీకు?"

"ఊరోడు ఒకాయన" అన్నడు మా ఆయన.

వారం దినాలకు సీమోను, ఆయన, ఇద్దరే దేవన్నను తీసుకొస్తమని పోయిండ్రు. వనంల గుడిసె ఉన్నది. మనిషి లేడు. గడప మీద గుడ్డ సుట్టిన కత్తి పెట్టి ఉన్నది. దాని పక్కన ఒక నిండు లొట్టి, మీద మోదుగాకు దొప్ప బోర్లిచ్చి. ఇంకా పులవలేదట. వాగు పొంటి ఎంత దూరం పిలిచినా పలుకు లేదు. గోదావరిల కలిసిండో, ఇంకో ఊరికి నడిచిండో… ఇప్పటికీ ఎవ్వరికీ తెల్వదు. ఇద్దరూ ఆ లొట్టిల మూడు సుక్కలు పోసి వచ్చిండ్రు.

మా ఆయన మళ్ల చెట్టెక్కలేదు. మోకు గుంజకే ఉండిపోయింది. నేను మొక్కింది అదే గద. గిట్ల అని మొక్కలేదు.

ఆ మాపే… వాళ్లు దేవన్న లేడని తిరిగొచ్చిన మాపే, నాకు ఒక భయం పుట్టింది. పిల్లలు! ముగ్గురినీ చాప మీద కూసోవెట్టిన. కోడి ఈక ఒకటి తెచ్చిన. ఆట అని చెప్పిన.

"కండ్లు మూసుకోండ్రి. యాడ తాకితే ఆడ సూపియ్యాలె."

మా చిన్నోడు మెడ కాడ తాకంగనే చక్కిలిగిలి అని పొర్లిండు. నడిపిది ముంజేయి చూపిచ్చింది, పాదం చూపిచ్చింది. గంగు ఒక్కటి కూడ తప్పలేదు. ఎన్నిమాట్లు తాకిచ్చిన్నో! ముగ్గురూ నవ్వుతున్నరు. ఆ నవ్వులు ఇనుకుంట నేను గోడకు ఆనుకున్న. దీపావళి సంది బిగవట్టిన ఊపిరి ఇడిసిన.

గంగు నా చేతిల ఈక గుంజుకున్నది.

"ఇప్పుడు నీ వంతు అవ్వా! కండ్లు మూసుకో!"

మూసుకున్న. కాళ్లు జాపుకున్న. చిన్నోని నవ్వు ఇనవడ్డది. ఎవరో "శ్…" అన్నరు. దూరంగ ఫ్యాక్టరీ కూసింది, ఆగింది. నేను కూసునే ఉన్న. ఎదురుచూస్తనే ఉన్న.

"ఎంతసేపే బిడ్డా? తాకియ్యవేందే?"

ఎవ్వరూ నవ్వుతలేరు.

"ఎప్పుడో తాకిచ్చిన గద అవ్వా…" అన్నది గంగు. "నీ మడమ మీద. మూడు మాట్లు."